నిజంగా వద్దా, మర్యాదకి వద్దా?

మా కోనసీమలో చావుకబురు ఎవరూ చావుకబురుగా చెప్పరు. "కాస్త సీరియస్‌గా ఉందటండీ, ఓసారి బయల్దేరి రండి" అంటారు. విన్నవాళ్ళకి సంగతి అర్థమైపోతుంది. అయినా ఏమీ తెలియనట్టే బస్సెక్కుతారు. మా పెరటింటి టీచరుగారు పోయిన కబురు మాత్రం నాకు అలా రాలేదు. పొద్దున్నే అమలాపురం నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది.

"అమ్మా, ముందు కూర్చో. కూర్చున్నావా? టీచరుగారు చనిపోయేరు. ఇప్పుడే, ఆస్పత్రిలో. నిద్రలోనే పోయేరు, నొప్పి తెలిసుండదని డాక్టరుగారు చెప్పేరు. నేను పక్కనే ఉన్నాను."

అంతే, ఫోన్ పెట్టేసింది.

ఆ తరవాత ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరే మా గుమ్మంలోకి వచ్చి, "టీచరుగారికి ఒంట్లో ఏం బాగోలేదంటండీ" అని మొదలుపెట్టారు. నేను వంటింట్లో పీటమీద కూర్చుని ఏడుస్తూనే, కొంగుతో కళ్ళు తుడుచుకుని బయటికొచ్చి, "ఆయ్, అలాగే అంటున్నారండీ" అని అందరికీ జవాబు చెప్పాను. మర్యాద మరి! ప్రాణం పోతున్నా మర్యాద పోనివ్వం కదా మనం.

ఆ మర్యాదని ఒక పిల్ల కోసం మా ఇంట్లో తిరగేసి చూపించిన మనిషి టీచరుగారు. ఆవిడ గురించి నాలుగు మాటలు రాయకపోతే నాకు నిద్రపట్టేలా లేదు. నేను రచయిత్రిని కాను. వారపత్రికలు చదివి, వాటిమీద కోపం వచ్చినప్పుడల్లా కార్డుముక్క రాసి పడేసే మనిషిని. కాబట్టి ఎక్కడైనా గొంతు పెరిగితే పాఠకులు సర్దుకోవాలి.

మాది ముక్తేశ్వరం దగ్గర ఊరు. మా మావగారికి కొబ్బరితోట, కొంత వరిచేను. మా పెరటి దడికి అవతల స్థలం కొనుక్కుని చిన్న డాబా వేసుకున్నారు టీచరుగారూ, వాళ్ళాయనా. ఆవిడ మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. వాళ్ళు క్రైస్తవులు. ఆవిడ తాతలు మా మావగారి తాతల చేలల్లో కూలికెళ్ళినవాళ్ళే. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు, ఎవరూ మరిచిపోయేవారూ కాదు. దడిమీద నుంచి కరివేపాకు, పనసతొనలు అటూ ఇటూ వెళ్ళేవి. మనుషులు మాత్రం దడిదగ్గరే ఆగిపోయేవారు.

తొంభైల మొదట్లో మా అమ్మాయిని బళ్ళో వెయ్యాల్సిన వయసు వచ్చింది. పిలిస్తే పలికేది కాదు. మొహంలోకి చూసేది కాదు. తెల్లగా ఉన్నవే తినేది, అన్నం, పెరుగు, కొబ్బరి. కొత్తగౌను వేస్తే ఒళ్ళు మండిపోతున్నట్టు పీకి పారేసేది. నాలుగేళ్ళు దాటాక మాటలొచ్చాయి, వచ్చినవన్నీ ఒక్కసారే వచ్చాయి. ఆ మాటల్లో "అండీ" ఒక్కటే రాలేదు. అండీ లేకుండా మాట్లాడే పిల్ల కోనసీమలో ఎలా బతుకుతుందో ఆలోచించండి!

ఊరు దానికి ఎన్ని పేర్లు పెట్టాలో అన్నీ పెట్టింది. మెంటలంది, పొగరంది, గాలిసోకిందంది. మా అత్తగారు తాయెత్తు కట్టించారు, అది తెల్లారేసరికి నూతిలో తేలింది. ఇవన్నీ ఒకెత్తు. ఒక వారపత్రికలో మనస్తత్వశాస్త్రం శీర్షిక నడిపే పెద్దమనిషి, తల్లి ప్రేమగా దగ్గరికి తీసుకోకపోతే పిల్లలు ఇలా తమలోకి తాము ముడుచుకుపోతారని రాశాడు. అది చదివి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పత్రిక పట్టుకుని దడిదగ్గరికి వెళ్ళి, బట్టలారేస్తున్న టీచరుగారికి గట్టిగా చదివి వినిపించాను. చదువుతూ ఏడ్చేశాను.

ఆవిడ మొత్తం విని, "ఆయన మీ ఇంటికొచ్చి అమ్మాయిని చూసేరాండీ?" అని అడిగింది.

"లేదండీ."

"పోనీ మిమ్మల్ని చూసేరా?"

"ఎక్కడండీ!"

"చూడకుండా చెప్పడానికి ఆయనేవన్నా ప్రవక్తాండీ? ఆ పుస్తకం ఇలా ఇచ్చెయ్యండి. నీళ్ళపొయ్యి రాజెయ్యడానికి కాగితాలు అయిపోయేయి."

ఇచ్చేశాను. ఆ పూట వాళ్ళింట్లో నీళ్ళు బాగానే కాగాయి.

హెడ్మాస్టరు మా అమ్మాయిని చేర్చుకోనన్నాడు. "నా క్లాసులో కూర్చోబెట్టుకుంటానండి. ఇబ్బందొస్తే అప్పుడు చూద్దాం" అని టీచరుగారే పూచీపడింది. మొదటి వారమంతా ఆవిడ దానికి ఒక్క అక్షరం నేర్పలేదు. ఊరికే చూసింది. నాకేమో ఒకటే ఆత్రం. దడిదగ్గర పట్టుకుని, "ఏం చూస్తున్నారండీ ఇన్నాళ్ళు?" అని నిలదీశాను.

"అమ్మలు చెవులెప్పుడు మూసుకుంటుందో చూస్తున్నానండి. మనమంతా గంట చప్పుడుకి అనుకున్నాం కదా? కాదండి. గంట కొట్టేస్తే బానే ఉంటోంది. కొడతారేమో, ఎప్పుడు కొడతారో అని కూర్చుంటుంది చూడండి, అప్పుడు మూసుకుంటోంది."

అమ్మలు అంటే మా అమ్మాయే, ఆవిడ అలాగే పిలిచేది. కన్నతల్లిని, నాకు ఆ తేడా తట్టలేదు. ఆ రోజునుంచి సాయంత్రం పూట మొక్కలకి నీళ్ళు పోస్తూ దడి దగ్గర ఆగి, మర్నాటి సంగతులన్నీ మా అమ్మాయికి చెప్పడం ఆవిడకి అలవాటైపోయింది. "రేపు రెండో గంటకి లెక్కలు. తరవాత ఇన్‌స్పెక్టరుగారొస్తారు. అందరూ లేచి నమస్తే అని అరుస్తారు. నువ్వు లేవక్కర్లేదు, అరుపు మాత్రం ఉంటుంది." మా అమ్మాయి అటు తిరిగి దడికర్ర గోకుతూ నిలబడేది. వింటోందో లేదో నాకు తెలిసేది కాదు. టీచరుగారికి తెలిసేది.

అన్నీ కుదిరాయని చెప్పను. ఒకసారి మా అమ్మాయి ఆవిడ చెయ్యి రక్తమొచ్చేలా కొరికేసింది. మణికట్టుకి గుడ్డ కట్టుకుని వచ్చిన టీచరుగారిని దారిలో అందరూ అడిగారు. ఆవిడ ఏ గేదో కుమ్మిందని చెప్పి ఊరుకోవచ్చు. "అమ్మలు కరిచిందండి. చెప్పకుండా వెనకనుంచి చెయ్యి పట్టుకున్నాను, నాదే తొందర" అని ఉన్నదున్నట్టు చెప్పింది. అటుమీదట దాని వెనకనుంచి వచ్చేటప్పుడు దూరంనుంచే చిన్నగా దగ్గుతూ వచ్చేది. ఇంట్లో మా ఆయనకి కూడా ఆ దగ్గు అలవాటైంది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళప్పుడు మా ఆడపడుచుకి రాజోలు వైపు సంబంధం కుదిరేలా ఉంటే, పెళ్ళివారు మా ఇంటికి భోజనానికి వచ్చారు. మండువాలో పీటలు, అరిటాకులు. పనసపొట్టుకూర, కందాబచ్చలి, గారెలు, బొబ్బట్లు. పెళ్ళికొడుకు పెదనాన్నగారు వాళ్ళల్లో పెద్ద. ఆయన ముందు మా అత్తగారు నేతిగిన్నె పట్టుకుని నిలబడ్డారు. మా అమ్మాయికి తిన్న ఆకులు మడిచి తీసుకెళ్ళి దొడ్లో గేదెకి పెట్టడం ఇష్టం. అందుకని గోడవార కాచుకుని ఉంది.

రెండో బొబ్బట్టు వెయ్యబోతుంటే పెదనాన్నగారు "వద్దమ్మా, వద్దు. చాలు, ఇంక పట్టదు" అన్నారు. ఆ మాటకి మా వైపు అర్థం ఏమిటో మీకు తెలుసు. అత్తగారు "అయ్యో, ఏం తిన్నారని!" అనాలి, ఆయన మళ్ళీ వద్దనాలి, బొబ్బట్టు ఆకులో పడాలి, నెయ్యి పడాలి, ఆయన "చంపేస్తున్నారండీ" అంటూ తినాలి. అది జరిగేలోపు మా అమ్మాయి చక్కా వచ్చి, ఆయన ముందునుంచి ఆకు మడిచేసి, తీసుకుని వెళ్ళిపోయింది. ఇంకా పులుసు రాలేదు, పెరుగు రాలేదు. పెద్దాయన చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది.

పంక్తిలోంచి ఆకు లాగేస్తే అంతకంటే అవమానం ఉందా? మావగారు చేతులు జోడించారు, అత్తగారు కొత్త ఆకు తెచ్చారు. ఆయన "పర్లేదండీ, పర్లేదండీ" అంటూనే లేచిపోయారు. ఆయన లేస్తే పంక్తంతా లేచింది. తాంబూలం అందుకోకుండా కారెక్కారు. "ఆలోచించుకుని కబురు చేస్తాం" అన్నారు. ఆ కబురు రాలేదు. మా ఆడపడుచుని తరవాత కొత్తపేట ఇచ్చాం, చల్లగా ఉంది. ఆ పెదనాన్నగారి ఇంట్లో పడనందుకు మా అమ్మాయికి చీర పెట్టాలని ఇప్పుడు తనే నవ్వుతుంది. అప్పుడు ఎవరు నవ్వారు? ఇల్లంతా కార్తీకంలో తుఫాను పట్టినట్టుంది.

మావగారు నిర్ణయించేశారు. గోదావరి అవతల ఎక్కడో ఇలాంటి పిల్లల్ని ఉంచుకునే చోటు ఉందట, అక్కడ వదిలేసి రావాలట. "దాని మంచికే, మన మర్యాదకే" అన్నారు. కారు కూడా మాట్లాడేశారు. దాన్ని పంపిస్తే నేనూ దాంతోపాటే పోతానన్నాను. "అక్కడ పెద్దవాళ్ళకి చోటుండదటే" అన్నారు మా ఆయన. ఆ మాటకి ఆయన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. అది ఆయనకీ తెలుసు. దడిదగ్గరికెళ్ళి టీచరుగారికి చెప్పుకుని ఏడ్చాను. ఆవిడ, "ఆదివారం దాకా ఆపగలరాండీ?" అంది. ఆపాను. జ్వరమని అబద్ధమాడి ఆపాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక తెల్లచీరలో, చేతిలో బైబిలూ గొడుగూ పట్టుకుని, ఆవిడ దడి వైపు నుంచి కాక వీధి చుట్టుతిరిగి మా సింహద్వారం ముందుకి వచ్చింది. మావగారు వసారాలో పేపరు చదువుకుంటున్నారు.

"బాబుగారూ, ఇవాళ మీ ఇంట్లో భోంచేద్దామని వచ్చేనండి" అంది.

ఈ ఇంట్లో వాళ్ళవాళ్ళెవరూ ఆకు ముందు కూర్చోలేదు. కానీ భోజనం వేళకి గుమ్మంలోకి వచ్చి అన్నం అడిగిన మనిషిని, శత్రువైనా సరే, పొమ్మనే నోరు కోనసీమలో ఎవరికుంది? మావగారి మొహంలో నాలుగు రంగులు మారాయి. నోరు మాత్రం దానంతటదే, "ఆయ్! అంతకంటేనా టీచరుగారూ, రండి రండి" అనేసింది. అత్తగారు పెరటి వసారా వైపు చూశారు.

"మొన్న పెళ్ళివారు కూర్చున్న చోటే వేయించండమ్మా" అంది టీచరుగారు, చాలా మెత్తగా. "బాబుగారూ, మీరూ కూర్చోండి. ఒక్కదాన్నీ తింటే నాకు సయించదండి. వడ్డన అమ్మలు చేస్తుంది."

పక్కపక్కన రెండు ఆకులు పడ్డాయి. మా అమ్మాయి గారెల బేసిను పట్టుకుని, ఎటో చూస్తూ నిలబడింది. టీచరుగారు అన్నం కలుపుకుంటూ, బళ్ళో పాఠం చెప్పినట్టే చెప్పింది.

"అమ్మలూ, విను. ఇక్కడ జనం కడుపు నిండకపోయినా వద్దంటారు."

"ఎందుకు?"

"ఆశగా కనపడకూడదని."

"అబద్ధమా?"

"అబద్ధం కాదే. ఆట. కబడ్డీకి నియమాలున్నట్టు దీనికీ ఉన్నాయి. మాకు అవి పక్కవాళ్ళని చూస్తే అంటుకుంటాయి. నీకలా అంటుకోవు, నోటితో చెప్పాలి. చెప్పకపోవడం మా తప్పు, నీది కాదు. నోటితో వద్దంటే ఇంకొకటి వెయ్యి. రెండు చేతులూ ఆకుకి అడ్డం పెట్టి ముందుకు వంగేరంటే ఆపెయ్యి. మనిషి లేచేదాకా ఆకు మాత్రం తియ్యకు."

మా అమ్మాయి బేసిను ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. "చేతులు అడ్డం పెట్టినా లోపల కావాలనుంటే?"

వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోయించుకునే జాతి కదండీ మనది! "అప్పుడు అడిగెయ్యడమే" అంది టీచరుగారు.

మా మావగారికి గారెలంటే ప్రాణం. రెండు అయ్యాయి. మూడోది తీసుకుని మా అమ్మాయి వంగగానే, ఆయన అలవాటు కొద్దీ "చాలమ్మా, వద్దు వద్దు" అని రెండు చేతులూ ఆకుకి అడ్డం పెట్టేశారు. అది గారె పట్టుకుని అలాగే ఆగి, ఆయన చేతులవైపు చూసి అడిగింది.

"తాతయ్యా, నిజంగా వద్దా, మర్యాదకి వద్దా?"

మావగారు గారె వైపు చూశారు. పక్కాకులో టీచరుగారు వంచిన తల ఎత్తలేదు. డెబ్భై ఏళ్ళ మనిషి, ఊళ్ళో తగువులు తీర్చే మనిషి, ఎవరూ ఆయన్ని ఆ ప్రశ్న అడిగి ఉండరు.

"మర్యాదకేనే" అన్నారు.

గారె ఆకులో పడింది. ముందు ఆయనే నవ్వారు, పొలమారేదాకా నవ్వారు. తరవాత అత్తగారు బొబ్బట్టు పట్టుకొచ్చి టీచరుగారి మీద పడ్డారు. "నాకు నిజంగానే వద్దండీ, షుగరు" అంటే, "ఒక్కటి, నామాట" అని అత్తగారు. మా అమ్మాయి ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడిపోయింది. "నానమ్మా, నిజంగా వద్దన్నారు కదా" అంది. టీచరుగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "షుగరొచ్చిన దగ్గర్నుంచీ ఎవరింటికెళ్ళినా నా మాట విన్నవాళ్ళు లేరండి. ఇవాళ ఈ పిల్ల వింది."

వెళ్ళేటప్పుడు గొడుగు తెరుస్తూ మావగారితో అంది. "అమ్మలుకి మర్యాద లేదనుకుంటున్నారండి. మనం మర్యాదకి అన్నవన్నీ అది నిజమని నమ్ముతోంది, అంతేనండి. పంపించెయ్యకండి బాబుగారూ."

ఆయన సాయంత్రం కారువాడికి రావొద్దని కబురు పంపారు. ఆ ప్రశ్న మాత్రం మా ఇంట్లో ఉండిపోయింది. ఎవరు ఏది వద్దన్నా, ఎదటివాళ్ళు ఆ మాటే అడగడం మొదలుపెట్టారు. మా ఆయన నన్ను పుట్టింటికి వెళ్తావా అంటే నేను వద్దన్నప్పుడు కూడా అడిగారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి నిజం చెప్పాను, వెళ్ళొచ్చాను.

ఆ తరవాత రెండు మూడేళ్ళకి కాకినాడలో ఒక పిల్లల డాక్టరుగారి గురించి విని, టీచరుగారిని తోడు తీసుకుని కోటిపల్లి రేవు దాటి వెళ్ళాం. మంచాయన. ఓపిగ్గా చూశాడు. ఆటిజం అంటారమ్మా అన్నాడు, తల్లి పెంపకం వల్ల వచ్చేది కాదని మరీమరీ చెప్పాడు. ఆ ఒక్కమాటకి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. తిరిగొచ్చేటప్పుడు రేవు దాటించే పంటు మీద మళ్ళీ భయం పట్టుకుంది. మా అమ్మాయి రెయిలింగు పట్టుకుని నీళ్ళు చూస్తోంది. పొద్దున్న ఎలా ఉందో అలాగే ఉంది, కానీ నాకు అది కొత్తపిల్లలా కనబడుతోంది.

"పేరు దొరకడం మంచిదేనండి" అంది టీచరుగారు. "ఏ బస్సెక్కాలో తెలుస్తుంది. కానీ అమలాపురం అని బోర్డు చూసి, అక్కణ్ణుంచే వెనక్కి తిరిగొచ్చేసి, అమలాపురం చూసేనంటే ఎవరన్నా ఒప్పుకుంటారాండీ?"

నా వైపు చూడకుండా ఇంకో మాట అంది. "పేర్ల సంగతి మావాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదండి. తరతరాలు మా అందరికీ ఒక్కటే పేరు. ఆ పేరు తెలిస్తే చాలు, ఇంక మనిషిని చూడక్కర్లేదని ఊరికి ధీమా. మీరు అమ్మలుని అలా చూడకండమ్మా."

పంటు ఒడ్డుకి తగిలేదాకా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

రెండువేలు దాటాక టీవీల్లో చానళ్ళు పెరిగాయి, కొత్త ముచ్చట మొదలైంది. ఇలాంటి పిల్లలంతా మేధావులట. చుట్టాలు వచ్చి, "ఏ తారీకు ఏ వారమో చెప్పేస్తుందాండీ?" అని క్యాలెండరు ముందు పెట్టేవారు. మా అమ్మాయికి ఆ విద్య లేదు. పదోతరగతి లెక్కలు రెండోసారికి గట్టెక్కిన పిల్ల. వాళ్ళ మొహాలు చిన్నబోయేవి, దానికంటే ముందు నా మొహం చిన్నబోయేది. టీచరుగారు దడి అవతలనుంచి విని, "ఏవండీ, టాలెంటు లేకపోతే పిల్లకి అన్నం పెట్టరా ఏంటి?" అని అడిగేది. "అప్పుడు తక్కువన్నారు, ఇప్పుడు ఎక్కువంటున్నారు. ఎత్తు కొలవడమే కానీ పిల్లతో మాట్లాడేవాళ్ళు లేరు" అని విసుక్కునేది. ఆవిడ విసుక్కోగా నేను విన్నది అప్పుడే.

మా అమ్మాయి ఇప్పుడు అమలాపురంలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తోంది. ఫ్యాను చప్పుడు పడదంటే యజమాని కిటికీ దగ్గర బల్ల వేయించాడు. కొన్నిరోజులు ఇంటికొచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా మొహంమీద దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. అదీ ఉంది. కానీ పిల్లల్ని పరీక్షకి తెచ్చే తల్లులు దాన్నే వెతుక్కుంటారు. మిగతావాళ్ళు "చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అంటారు. ఇది అనదు. "నొప్పి ఉంటుంది. కొంచెంసేపే. ఇప్పుడు గుచ్చుతున్నాను" అంటుంది. పిల్లలు దానికి చెయ్యి చాపుతారు. టీచరుగారు కూడా షుగరు పరీక్షకి ఊళ్ళో కాంపౌండరుని వదిలేసి, బస్సెక్కి అమలాపురం వెళ్ళేది. తనకి రిపోర్టు తగ్గించి చెప్పని మనిషి అదొక్కతేనట.

ఈ మధ్యే ఒకరోజు, ఆవిడకి కాళ్ళు వాచి మంచంలో ఉండగా చూడ్డానికి వెళ్ళి, నా దిగులు కాస్తా కక్కేశాను. "మీరున్నారన్న ధైర్యంతో ఇన్నాళ్ళు నెట్టుకొచ్చానండీ. నా తరవాత దానికెవరున్నారండీ?"

ఆవిడ దిండుకి ఆనుకుని నా వైపు చూసింది. "అమ్మలుకెవరున్నారు అని అడుగుతారు, నేను వింటూనే ఉన్నానండి ఇన్నేళ్ళుగా. అమ్మలు ఎవరికుంది అని ఒక్కసారన్నా అడగరేంటండీ?"

నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండింది. బాధ చెప్పుకుంటే పొడుపుకథ వేసినట్టుంది అనుకుంటూ ఇంటికొచ్చేశాను. అవే ఆవిడ నాతో అన్న ఆఖరి మాటలని తెలియదు కదా.

సమాధి కార్యక్రమం అయ్యాక మూడోరోజు ఆదరణ కూడిక, అంటే ఇంటివాళ్ళని ఓదార్చే ప్రార్థన పెట్టారు. డాబా ముందు షామియానా, కుర్చీలు, మైకు. కొడుకులిద్దరూ వచ్చినవాళ్ళకి మర్యాదలు చూస్తున్నారు. మాస్టారు లోపల గదిలో కొయ్యకుర్చీలో, డ్రిల్లులో నిలబెట్టినట్టు నిటారుగా కూర్చున్నారు. ఆయన కంట తడి ఎవరూ చూడలేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు లోపలికెళ్ళి, "ఊరుకోండి మాస్టారూ. ధైర్యంగా ఉండాలి. మీరే ఇలాగైతే ఎలాగండీ" అంటున్నారు. ఆయన ఒక్కొక్కరికీ కుర్చీలోంచి లేచి, "ఆయ్, అలాగేనండీ. కాఫీ తీసుకున్నారా?" అంటున్నారు. కూర్చోవడం, మళ్ళీ లేవడం.

మా అమ్మాయి గోడకి ఆనుకుని ఇదంతా చూస్తోంది. జనం మధ్య అంతసేపు అది నిలబడడమే నాకు వింత. ఉన్నట్టుండి వెళ్ళి ఆయన కుర్చీ ముందు, కాస్త పక్కగా నిలబడింది.

"మాస్టారుగారూ, మీకు ఏడవాలని ఉందా?"

దాన్ని చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగేద్దామని ఒక అడుగు వేశాను. మాస్టారు తలెత్తి దానివైపు చూశారు.

"ఆయ్" అన్నారు. "ఉందమ్మా."

"మరైతే ఏడవండి. నేను గుమ్మంలో నిలబడతాను."

గదిలో ఉన్న మా నలుగురికీ చేత్తో బయటికి దారి చూపించింది. వచ్చేశాం. తలుపు దగ్గరికి వేసింది. కాసేపటికి లోపలినుంచి వినిపించింది. అన్నేళ్ళు పక్కనున్నా ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఊరంతా వినిపించేలా విజిలు ఊదిన మనిషి, చంటిపిల్లాడిలా గుక్కపట్టి ఏడుస్తున్నారు.

అప్పుడే రాజోలు నుంచి వచ్చిన మాస్టారి చుట్టాలు పళ్ళబుట్టలతో గుమ్మం దగ్గరికొచ్చారు. వాళ్ళ వెనక చర్చి అయ్యగారు, రిటైరైన హెడ్మాస్టరు. మా అమ్మాయి రెండు చేతులూ చాపి ద్వారబంధాలు పట్టుకుని అడ్డంగా నిలబడింది.

"ఇప్పుడు లోపలికి రాకండి. మాస్టారుగారు ఏడుస్తున్నారు. అయ్యాక నేను చెబుతాను."

అందులో ఒక్క మెత్తని మాట లేదు. అయినా ఎవరూ నొచ్చుకోలేదు. అయ్యగారు ముందుగా వెనక్కి అడుగువేశారు, తక్కినవాళ్ళు ఆయన వెనకే. ఎవరో వెళ్ళి మైకు ఆపించారు. జనమంతా వెళ్ళి కొబ్బరిచెట్ల కింద నీడలో, పళ్ళబుట్టలు ఒళ్ళో పెట్టుకుని, మాటామంతీ లేకుండా కూర్చున్నారు. మా అమ్మాయి ఎవరివైపూ చూడకుండా, ఎండ మొహంమీద పడుతున్నా జరగకుండా, గుమ్మంలో అలాగే నిలబడి ఉంది.